సిఫారసు దయ అవుతుందా?



విచారణ గురువుల ఇంటికి ప్రజలు ఎన్నో అవసరాలతో వస్తారు. బిడ్డకు బడిలో సీటు కావాలని ఒకరు, ఆసుపత్రికి ఉత్తరం రాసి ఇవ్వమని ఒకరు, అన్నదమ్ముల పొలం తగాదా తీర్చమని మరొకరు. ఈమధ్య సంవత్సరాలలో వీటికి ఇంకొక విన్నపం తోడైంది. "ఫాదర్ గారూ, రాత్రి మావాడు తాగి బండి నడుపుతున్నాడని పట్టుకున్నారు. బండి స్టేషన్లో పెట్టారు. ఎస్.ఐ. గారికి మీరంటే గౌరవం. ఒక్క మాట చెప్పండి." అడిగేది తల్లి కావచ్చు, భార్య కావచ్చు. వారి కన్నీళ్ళు నిజమైనవే. గురువు దయగలవాడైతే ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటాడా అని చుట్టూ ఉన్న పదిమందీ అనుకుంటారు.

ఆ ఒక్క మాట నిజంగా దయ అవుతుందా? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరకాలంటే మూడు సంగతులు తేల్చుకోవాలి. తాగి వాహనం నడపడం ఎటువంటి తప్పు? ఆ తప్పును భయపెట్టి ఆపడం చట్టానికి తగిన పనేనా? పట్టుబడిన మనిషి పట్ల క్రైస్తవుడు చూపవలసిన దయ ఏది?

ముందుగా చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నవాడు వాహనం నడిపితే నేరం. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటిసారి ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. మళ్ళీ పట్టుబడితే రెండేళ్ళ వరకు జైలు, 15,000 రూపాయల జరిమానా. హెల్మెట్ పెట్టుకోనందుకు కట్టినట్లుగా రోడ్డు పక్కనే జరిమానా కట్టి వెళ్ళిపోయే వీలు ఈ నేరానికి లేదు. న్యాయస్థానం ముందు నిలబడవలసిందే. చట్టం దీనిని పొరపాటుగా చూడటం లేదని ఇందువల్లనే తెలుస్తున్నది.

మరి మనస్సాక్షి దీనిని ఎలా చూడాలి? మన సోదర క్రైస్తవులలో కొందరు మద్యం ముట్టడమే పాపమంటారు. కతోలిక శ్రీసభ అలా బోధించదు. కానాపల్లె పెండ్లిలో ప్రభువు నీటిని ద్రాక్షారసంగా మార్చారు. ప్రతి దివ్యబలిపూజలో ద్రాక్షారసమే ఆయన రక్తంగా మారుతున్నది. దేవుడు చేసిన వస్తువు చెడ్డది కాదు. అయితే ఈ మాటను అడ్డం పెట్టుకొని తప్పించుకోవాలనుకునే వారు 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశాన్ని తెరచి 2290వ పేరా చదవాలి. మత్తువల్ల గాని, వేగం మీది మోజువల్ల గాని దారిలో తన ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పడవేసేవాడు ఘోరమైన అపరాధం మూటగట్టుకుంటాడని అక్కడ స్పష్టంగా ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలిన తరువాతే అది అపరాధమవుతుందని అక్కడ లేదు. అపాయంలో పడవేయడమే అపరాధం. తాగి బండెక్కి, ఎవరినీ గుద్దకుండా ఇల్లు చేరినవాడు కూడ ఆ రాత్రి పాపం చేయకుండా ఇల్లు చేరలేదు. ఐదో ఆజ్ఞ ముందు అతడు తన అదృష్టాన్ని సాక్ష్యంగా చూపుకోలేడు.

"తాగిన మైకంలో ఏం చేశాడో వాడికే తెలియదు పాపం" అని మనం జాలిపడుతుంటాం. ఈ వాదన కొత్తది కాదు. క్రీస్తు పూర్వమే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దీనిని పరిశీలించాడు. తాగి నేరం చేసినవానికి రెట్టింపు శిక్ష వేసే చట్టాలను ఆయన ప్రస్తావించాడు. మిటిలీని నగరాన్ని పాలించిన పిట్టకుస్ అటువంటి చట్టం చేశాడని కూడ ఆయనే చెప్పాడు. మైకంలో తెలివి లేకపోవచ్చు. కాని మైకం తెచ్చుకోకుండా ఉండటం అతని చేతిలోనే ఉన్నది గదా అన్నది ఆయన వాదం. పునీత తోమాసు అక్వినాసు ఈ ఆలోచనను ఇంకా నిశితంగా విడమర్చారు. పానీయం ఎంత ఘాటైనదో తెలియక తాగినవాని సంగతి వేరు, తెలిసి తాగినవాని సంగతి వేరు. తెలిసి తాగినవాడు ఆ తరువాత చేసిన దానిలో ఇష్టపూర్వకత కొంత తగ్గితే తగ్గవచ్చు. కాని ఆ పని బాధ్యత మొదటి గ్లాసు ఎత్తిన చేతిని వదలిపోదు.

పరిశుద్ధ గ్రంథం ఇదే సంగతిని మన పల్లె రైతుకు కూడ అర్థమయ్యేటట్లు చెబుతున్నది. నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గురించిన చట్టం ఉంది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపాలి, యజమానిని వదిలిపెట్టాలి. కాని ఆ ఎద్దుకు పొడిచే అలవాటు ముందునుండీ ఉండి, ఊరివారు హెచ్చరించినా యజమాని దానిని కట్టివేయకపోతే అప్పుడు యజమానిదే నేరం, మరణశిక్ష అతనికి కూడ. రెండు సందర్భాలలోనూ ఎద్దు ఒకటే, చావు ఒకటే. తేడా అంతా యజమానికి ముందే తెలిసి ఉండటంలో ఉంది. మద్యం తాగినవాని చేతిలో బండి పొడిచే ఎద్దు అని తెలియనివారు ఈనాడు మన ఊళ్ళలో ఎవరున్నారు? 2006 నవంబరులో ముంబయిలో రోడ్డు పక్కన నిద్రిస్తున్న కూలీలపైకి కారు దూసుకుపోయి ఏడుగురు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పింది. అది కేవలం నిర్లక్ష్యం కాదు, ఇలా చేస్తే ప్రాణాలు పోతాయని తెలిసి చేసిన పని అనే నిర్ణయాన్ని న్యాయస్థానం నిలబెట్టింది. ఎద్దు యజమానికి మోషే చట్టం వేసిన ప్రశ్ననే మన న్యాయస్థానం కూడ వేసింది.

"నేను ఎంత తాగినా బండి తిన్నగా నడుపుతాను" అనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారు అబద్ధమాడటం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నారు. ప్రమాదమంతా అందులోనే ఉంది. మద్యం కాళ్ళను తడబరచడానికి ముందే మంచిచెడ్డలు నిర్ణయించే శక్తిని పట్టుకుంటుంది. నడపగలనా లేదా అని తేల్చవలసిన న్యాయాధిపతికే అది మొదట లంచం ఇస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది. అర సెకను ఆలస్యంగా బ్రేకు వేస్తే ఎనిమిది మీటర్లు. రోడ్డు దాటుతున్న ముసలవ్వకు ఆ ఎనిమిది మీటర్లే ప్రాణం. నిమ్మరసం తాగినా, చన్నీళ్ళ స్నానం చేసినా, గట్టి కాఫీ తాగినా రక్తంలోని ఆల్కహాలు తొందరగా దిగిపోదు. కాలేయం దానిని తన వేగంతోనే, గంటలకొద్దీ సమయం తీసుకొని ఖర్చు చేస్తుంది.

ఒక్కని మత్తు ఎంత దూరం ప్రాకుతుందో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద చూశాం. మోటారు సైకిలు మీద వెళ్తున్న ఒక యువకుడు అదుపు తప్పి పడి ప్రాణం కోల్పోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండిని హైదరాబాదు నుండి బెంగుళూరు వెళ్తున్న బస్సు ఢీకొని ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు బస్సులోనే కాలిపోయారు. ఆ యువకుడు మద్యం సేవించి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. ఆ ఘోరంలో ఇతరుల బాధ్యత ఎంత అన్నది దర్యాప్తులూ న్యాయస్థానాలూ తేల్చవలసిన విషయం. చనిపోయిన ఆ బిడ్డను నిందించడానికి నేనిది రాయడం లేదు. అతనికీ తల్లి ఉంది. కాని ఆ రాత్రి అతడు బండెక్కక ముందే ఏ కూడలిలోనో ఎవరైనా ఆపి, తాళం తీసుకొని, కేసు రాసి ఉంటే ఎలా ఉండేది? మరునాడు ఆ తల్లి ఎవరి ఇంటికో వెళ్ళి సిఫారసు అడిగి ఉండేది. తన కుమారుని ప్రాణం దక్కిందని ఆమెకు ఎన్నటికీ తెలిసేది కాదు.

ఇక రెండవ సంగతి. భయపెట్టి మనిషిని మంచివానిగా చేయగలమా? హృదయ పరివర్తన లేని చట్టం ఎందుకని కొందరు భక్తిపరులు అడుగుతారు. మంచి ప్రశ్నే. తోమాసు అక్వినాసు దీనికి రెండు సమాధానాలిచ్చారు. మొదటిది: మానవ చట్టం అన్ని దుర్గుణాలనూ నిషేధించజాలదు. ముఖ్యంగా ఇతరులకు హాని చేసే ఘోరమైన వాటినే అది ఆపాలి. రెండవది: మాటకు లొంగని వారిని భయంతో ఆపినప్పుడు ఇతరులకు శాంతి దొరుకుతుంది. ఆపబడినవాడు కూడ అలవాటు మీద క్రమంగా భయం వల్ల చేసినదానిని ఇష్టంతో చేయడం నేర్చుకుంటాడు.

మన రాష్ట్ర చరిత్ర ఈ మాటలకు సాక్ష్యం పలుకుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఆ తల్లుల పోరాటం వృథా అని నేననను. కాని ప్రతి ఇంటిలోని ప్రతి గ్లాసునూ పట్టుకోవడం ఏ ప్రభుత్వానికీ సులభం కాలేదు. తాగి రోడ్డెక్కినవానిని పట్టుకోవడం అలా కాదు. అతడు ఇల్లు దాటి అందరి దారిలోకి వచ్చాడు. అతడు ఊదవలసిన యంత్రం ఉంది, కొలవవలసిన హద్దు ఉంది. చట్టం చేయగలిగిన పని ఇది, చేసి తీరవలసిన పని కూడ ఇదే.

శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, ఎంత తప్పనిదన్నదే మనిషిని ఆపుతుందని ఇటలీ దేశపు న్యాయవేత్త బెక్కారియా 1764లోనే రాశాడు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరు 17 నుండి, అనుమానం ఉన్నా లేకపోయినా ఏ డ్రైవరునైనా ఆపి ఊపిరి పరీక్షించే పద్ధతి పెట్టింది. రోడ్డు మరణాలు గణనీయంగా తగ్గాయి. అక్కడివారు ఒక్క రాత్రిలో పునీతులైపోలేదు. ఈ రాత్రి నన్ను ఆపవచ్చు, ఆపితే తప్పించుకోలేను అన్న ఎరుక వారికి కలిగింది, అంతే. మన హైదరాబాదులో 2011 నుండి ఈ తనిఖీలు ముమ్మరమైనప్పుడు పట్టుబడినవారికి గోషామహల్‌లోని ట్రాఫిక్ శిక్షణ సంస్థలో ఇంటివారి ఎదుట కౌన్సెలింగ్ ఇచ్చి, తరువాత న్యాయస్థానానికి పంపే పద్ధతి పెట్టారు. భార్య పక్కన, తండ్రి పక్కన కూర్చొని వినడం కొందరికి జరిమానాకన్న బరువైన శిక్ష. అందులో పరివర్తనకు కూడ చోటు ఉంది.

ఇప్పుడు సిఫారసు ఏం చేస్తుందో చూడండి. శిక్ష తప్పదన్న ఎరుకే చట్టానికి ప్రాణం. సిఫారసు సరిగ్గా ఆ ప్రాణాన్నే తీస్తుంది. విడిపించబడినవాడు ఒక్కడే కావచ్చు. కాని ఆ సాయంకాలానికే ఊరంతటికీ తెలుస్తుంది, మనిషి ఉంటే పని అవుతుందని. ఆ మనిషి ఎమ్మెల్యే అయినా, కులపెద్ద అయినా, తెల్ల అంగీ వేసుకున్న గురువు అయినా ఊరు నేర్చుకునే పాఠం ఒకటే.

రెండు అభ్యంతరాలు తప్పక వస్తాయి. "ప్రభుత్వమే మద్యం మీద ఆదాయం తింటుంది, ప్రభుత్వమే తాగినవానిని పట్టుకుంటుంది, ఇదెక్కడి న్యాయం?" అనేది ఒకటి. ఇందులో నిజముంది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండరాదని ఆదేశించింది. చిన్న ఊళ్ళకు ఆ దూరాన్ని 2017లో 220 మీటర్లకు తగ్గించింది. అంత చెప్పవలసి వచ్చిందంటే ప్రభుత్వాల మనస్సాక్షి ఏ స్థితిలో ఉన్నదో ఊహించుకోవచ్చు. ప్రభుత్వం దేవుని ముందు తన లెక్క తాను చెప్పుకోవాలి. కాని అమ్మినవాని తప్పు తాగి నడిపినవానికి ఎదుటివాని ప్రాణం మీద హక్కు ఇవ్వదు.

"పోలీసులు పేదవాని స్కూటరునే ఆపుతారు, పెద్దవాని కారును పోనిస్తారు" అనేది రెండవది. ఇది నిజమైన చోట అది ఘోరమైన అన్యాయం. దానిని గట్టిగా ఖండించాలి. కాని దానికి విరుగుడు పేదవానిని కూడ పోనివ్వడం కాదు, పెద్దవానిని కూడ ఆపడం. లేవీయకాండము 19వ అధ్యాయం తీర్పులో గొప్పవానికి లొంగవద్దంటుంది. పేదవాడని పక్షపాతం చూపవద్దని కూడ అక్కడే అంటుంది. గురువుల జీపు వచ్చినా ఆపాలి. ఆదివారం రెండు మూడు ఉపగ్రామాలలో పూజలు చేసి వస్తున్నామని చెప్పి మేము తప్పించుకోరాదు. అంగీని చూసి చేయి ఊపి పంపించే కానిస్టేబులుకు మేమే "ముందు ఊదనివ్వు నాయనా" అని చెప్పాలి.

మరి దయ మాటేమిటి? మన దగ్గరకు వచ్చి ఏడ్చేవానికి ముఖం ఉంది, పేరు ఉంది, మన జ్ఞానస్నాన పుస్తకంలో వరుస సంఖ్య కూడ ఉంది. రేపు అతని బండి కింద పడబోయేవానికి ముఖం లేదు. తనకు ఆ గతి పట్టబోతున్నదని అతనికే తెలియదు కనుక అతడు మన గడపకు వచ్చి వేడుకోలేడు. తెల్లవారుజామున మిరపకోతకు ఆటోలో కిక్కిరిసి వెళ్ళే కూలీ స్త్రీ కావచ్చు, ట్యూషను నుండి సైకిలు మీద వచ్చే పిల్లవాడు కావచ్చు. నా పొరుగువాడెవరు అని అడిగిన ధర్మశాస్త్ర బోధకునికి ప్రభువు చెప్పిన కథ దారి మీదనే జరిగింది. అందులో పొరుగువాడు పేరు తెలియని బాటసారి. కళ్ళెదుట ఉన్నవాని మీద జాలితో కంటికి కనబడని ఆ బాటసారిని బలి ఇవ్వడం దయ కాదు. అది మనకు ఖర్చు లేని మెత్తదనం. దాని ఖర్చు వేరేవాడు చెల్లిస్తాడు.

నిజమైన దయకు మాత్రం మన సొంత ఖర్చు అవుతుంది. పట్టుబడినవానితో న్యాయస్థానానికి తోడుగా వెళ్ళండి. నిజం ఒప్పుకోమని ధైర్యం చెప్పండి. జైలుకు పోవలసి వస్తే ఆ నాలుగు రోజులు అతని ఇంట్లో పొయ్యి వెలిగేటట్లు చూడండి. ఆటో నడిపితేనే పూట గడిచే కుటుంబమైతే విచారణలోని విన్సెంట్ డి పాల్ సభ్యులకు చెప్పండి. తాగుడు వ్యసనంగా మారిన వానిని ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి చేయి పట్టుకొని తీసుకువెళ్ళండి. పాపసంకీర్తనానికి రమ్మనండి. ఇందులో ఏ ఒక్కటీ ఎస్.ఐ. గారికి చెప్పే ఒక్క మాటంత తేలిక కాదు. విచారణ గురువు ఇవ్వగలిగిన, ఇవ్వవలసిన సాయం ఇది. దీనికోసం ఏ వేళ తలుపు తట్టినా మేము తీయాలి.

చివరగా మనందరి ఇళ్ళ సంగతి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం కొత్త ఇల్లు కట్టుకునేవానిని మేడ చుట్టూ పిట్టగోడ కట్టమంటుంది. ఎవరైనా అక్కడినుండి పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందట. పడినవాడు చూసుకోవలసింది కదా అని యజమాని తప్పించుకోవడానికి వీలు లేదు. మన పెండ్లిండ్లలో, క్రిస్మసు విందులలో, గృహప్రవేశాలలో మందు పోసేది మనమే. వచ్చినవాడు బండి మీద వచ్చాడని తెలిసి కూడ మర్యాద కోసం మరో గ్లాసు ఒలికించేదీ మనమే. పోయనని చెప్పడం కష్టమైతే కనీసం పిట్టగోడ కట్టండి. బండి తాళాలు వాకిట్లోనే తీసుకోండి. పడుకోవడానికి చాప, దుప్పటి సిద్ధంగా ఉంచండి. తాగనివాడు ఒకడు నడిపేటట్లు ముందే ఒప్పందం చేసుకోండి. క్రిస్మసు అర్ధరాత్రి పూజకు, గుణదల మాత తిరునాళ్ళకు బండ్ల మీద బయలుదేరే యువకులను తండ్రులు గడప దగ్గరే ఒక్కసారి ఆపి ముఖం చూడండి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి. ఆ కోపం తెల్లవారేసరికి దిగిపోతుంది.